పడవలో ఎవరున్నారు?

“బడికి వెళ్ళనంటే వెళ్ళను” అంది పిచ్చుక, గోడవైపు తిరిగి.

ఇది మూడో రోజు. మొదటి రోజు తలనొప్పి అంది. రెండో రోజు కడుపునొప్పి అంది. మూడో రోజుకు నొప్పులు కూడా నిండుకున్నట్టున్నాయి, ఊరికే వెళ్ళనంది.

తల్లి కుట్టుమిషను పక్కన నేలమీద కూర్చుని, భర్త యూనిఫారం చొక్కాకు ఊడిన బొత్తాం చేత్తో కుడుతోంది. వీధిలో అందరి పిల్లల యూనిఫారాలూ కుట్టే మనిషి, ఇంట్లో చొక్కాను ఇరవై రోజులుగా పట్టించుకోలేదు. బస్సు డ్రైవరైన భర్తను డ్యూటీకి రావద్దన్నాక దాన్ని వేసుకునే పనే లేకపోయింది మరి. ఈ రోజు ఉంది. మధ్యాహ్నం మూడింటికి డ్రైవరు ఆ చొక్కా తొడుక్కుని డిపోకు వెళ్ళాలి. బస్సు నడపడానికి కాదు, విచారణకు.

“మాట్లాడవేమే? నీ కూతురు బడి మానేసిందే తల్లీ అంటుంటే చెవిటిదానిలా ఆ బొత్తాంతో ఏం మంతనాలు?” అంది అత్తగారు, మంచం మీద నుంచి.

“మాట్లాడితే వింటుందా అత్తయ్యా?”

“వినకపోతే వినేలా చెప్పాలి. మా రోజుల్లో ఇలా గోడకు మొహం పెట్టి పడుకుంటే వీపు విమానం మోత మోగేది.”

“మీ రోజుల్లో మీరు బడికే వెళ్ళలేదు కదా నాయనమ్మా” అంది పిచ్చుక గోడతో.

మరెప్పుడైనా అయితే ఆ మాటకు ముసలావిడే ముందు నవ్వేది. పుట్టినప్పటి నుంచీ నోరు మూయకుండా కిచకిచలాడుతోందని మనవరాలికి ఆ పేరు పెట్టిందీ ఆవిడే. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

కిటికీ దగ్గర కుర్చీలో, వీధికి వీపు పెట్టి డ్రైవరు కూర్చున్నాడు. ఇరవై రోజులుగా అక్కడే అలాగే. ఆయన ఒడిలో ఒక కాగితం ఉంది. కండక్టరు నిన్న సాయంత్రం వచ్చి ఇచ్చి వెళ్ళిన కాగితం అది. అందులో ఉన్నది చూసి సొంత దస్తూరీతో రాసుకుని రమ్మన్నాడు. రెండే వాక్యాలు. ‘వానకు అద్దం మసకబారింది. స్టాపులో ఎవరూ కనిపించలేదు.’

ఆ వాన అలాంటి వానే. కాలువ పొంగి వంతెన మీదికి నీళ్ళెక్కాయి. వంతెన ఇవతలి స్టాపులో ఒకావిడ, గుండె పట్టుకుని బెంచీ మీద ఒరిగిపోయిన భర్తను ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి బస్సుకు అడ్డం వచ్చినంత పని చేసింది. ఆస్పత్రి వంతెన అవతల ఉంది. బస్సు ఆగలేదు. తర్వాతి బస్సు వంతెన దాటలేకపోయింది. ఆయన ఆ బెంచీ మీదే పోయాడు.

‘డ్రైవరు నా మొహంలోకి చూశాడు. చూసి వెళ్ళిపోయాడు’ అని ఆవిడ రాసిచ్చింది.

‘చూడలేదు’ అని డ్రైవరు డిపోలో నోటిమాటగా చెప్పాడు. కండక్టరూ అదే చెప్పాడు. బయటికి వచ్చాక భుజం మీద చెయ్యి వేసి, “చూశానన్నావంటే అది తప్పవుతుందన్నా. చూడలేదన్నావంటే అది వాన” అన్నాడట.

ఇల్లంతా ఆ ‘వాన’ కిందే నిలబడి ఉంది ఇప్పుడు.

“ఏమండీ, మీరైనా ఒక మాట చెప్పండి దానికి” అంది తల్లి, దారం పంటితో తుంచి.

డ్రైవరు కూతురి వీపు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. “దాని ఇష్టం” అన్నాడు.

“దాని ఇష్టమేంటండీ? పదో తరగతి! పైగా సాహిత్యంలో సున్నా వచ్చిందట. గణితంలో వచ్చిందంటే మనింటి వంశం అనుకుందును. తరగతిలో కథలన్నీ మిగతావాళ్ళకు చెప్పేదే ఇది! మాస్టారు కబురు పెట్టారు, పది గంటలకు నన్ను రమ్మని. ఏం రాశావే అంటే చెప్పదు. ఆయన్నడిగితే దాని ఇష్టమంటారు. నేనేమన్నా రాయినా?”

“గోరుచుట్టు మీద రోకటిపోటు” అంది అత్తగారు. “ఈ రోజే రావాలా ఆ కబురు కూడా!”

పిచ్చుక గిర్రున తిరిగి లేచి కూర్చుంది. “నువ్వు వెళ్ళకమ్మా.”

“ఎందుకు?”

“ఊరికే. వెళ్ళకు. సున్నాయే కదా. ఉండనీ.”

“ఎందుకు వెళ్ళొద్దో చెప్పు, మానేస్తాను.”

పిచ్చుక తండ్రి వైపు చూసింది. ఆయన కాగితం వైపు చూస్తున్నాడు. పిల్ల మళ్ళీ గోడకు తిరిగిపోయింది.

తల్లి చొక్కా మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుంది.

*

ఉపాధ్యాయుల గదిలో సాహిత్యం మాస్టారు ఒక్కరే ఉన్నారు. బల్ల నిండా దారాలు కట్టిన జవాబుపత్రాల కట్టలు. ఆయన తన కుర్చీ ఆమెకు వేసి, తను కాలు విరిగిన స్టూలు మీద జాగ్రత్తగా కూర్చున్నారు.

“మీరు పాఠ్యపుస్తకంలో ఆ పడవ కథ చదివారా అమ్మా?”

“నేను అయిదోక్లాసు మాస్టారూ. తర్వాత మిషనెక్కేశాను.”

“అయితే చెప్తాను. చిన్న కథే. ఒక పడవవాడు. నదికి వరద. ఆ పూటకు ఆఖరి పడవ. పదిమందిని ఎక్కించుకుని నది మధ్యకు వచ్చాడు. వెనక ఒడ్డు మీద నుంచి ఎవరో కేక వేశారు, నన్నూ తీసుకెళ్ళమని. పడవ వెనక్కి తిప్పలేదు. పదిమందినీ క్షేమంగా దాటించాడు. తెల్లారి చూస్తే వెనక ఒడ్డు లేదు, కోసుకుపోయింది. ఊరంతా పడవవాడిని మెచ్చుకుంది. నెల తిరక్కుండా అతను పడవ అమ్మేశాడు. మళ్ళీ నది మొహం చూడలేదు. అంతే కథ.”

తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. “అంతేనా?”

“అంతే. అది ఇతివృత్తం. అంటే జరిగింది. అది అందరూ రాస్తారు. మేం అడిగేది దాని వెనకాల ఉన్నది. పడవ ఎందుకు అమ్మేశాడు, ఈ కథ చెప్పేదేమిటి అని. దానికి పైనుంచి మాకొక జవాబుల పట్టిక వస్తుంది.” ఆయన సొరుగులోంచి ఒక అచ్చుకాగితం తీసి చదివారు. “పదిమంది మేలు కోసం ఒకరిని వదులుకోవడం కర్తవ్యం. ముసలితనం చేత పడవ అమ్మివేసెను. ఇది రాస్తే ఎనిమిది మార్కులు.”

“మా పిల్ల ఇది రాయలేదా? బట్టీ పట్టడం రాక కాదే…”

మాస్టారు ఒక జవాబుపత్రం ఆమె ముందు పెట్టారు. పిచ్చుక గుండ్రటి అక్షరాలు. చివర ఎర్రసిరాతో సున్నా, దాని పక్కన ‘కథలో లేదు’ అని చిన్న అక్షరాలు.

ఆమె వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, కుట్టు కుట్టుకూ చూసుకున్నట్టు మెల్లగా చదివింది.

‘పడవవాడు ఒడ్డున ఉన్న మనిషిని చూశాడు. చూడకపోతే పడవ అమ్మేవాడు కాదు. ముసలితనం వల్ల అమ్మాడని నోట్సులో ఉంది. ముసలితనం ఒక్క నెలలో రాదు. పదిమంది కోసం వెనక్కి తిప్పలేదని ఊరు అంటుంది. ఊరు పడవలో లేదు. ముక్కూమొహం తెలియని పదిమంది కోసం చేస్తే అతను మర్నాడు కూడా పడవ నడిపేవాడు. ఆ పడవలో అతని కూతురు ఉంది. కథలో ఆ మాట లేదు. పడవవాడు ఎవరికీ చెప్పలేదు, అందుకని కథ రాసినవాళ్ళకు కూడా తెలియలేదు. కూతురికి మాత్రం తెలుసు. ఈ కథ కర్తవ్యం గురించి కాదు. ప్రేమతో చేసిన తప్పుకు ఎవరు వెళ్ళి క్షమాపణ అడగాలో తెలియకపోవడం గురించి.’

‘ఆ పడవలో అతని కూతురు ఉంది’ అన్న చోట ఆమె వేలు ఆగిపోయింది.

ఆ రోజు అంత వానలో పిల్ల ఇంటికి వచ్చింది. పాదాలు బురద. పావడా అంచు తడి. తల మాత్రం పొడిగా ఉంది. తువ్వాలు పట్టుకుని తుడవబోతే తుడవడానికి ఏమీ లేదు. ‘తల తడవలేదేంటే?’ అంటే, ‘స్నేహితురాలి గొడుగు’ అంది. అప్పుడు ఆమె హమ్మయ్య అనుకుంది, జలుబు చేయదని. అంతే అనుకుంది.

“కథలో పడవవాడికి బిడ్డే లేదమ్మా” అంటున్నారు మాస్టారు. “భార్య కూడా లేదు. ఈ పిల్ల ఎక్కడి నుంచి తెచ్చింది ఈ కూతుర్ని?”

ఆమె వేలు ఇంకా ఆ వాక్యం మీదే ఉంది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. గొంతు తగ్గించి, “నేను రోజూ పొద్దున్నే వార్తల పేపరు చదువుతానమ్మా” అన్నారు. “మీ వారి సంగతి నాకు తెలుసు.”

ఆమె పత్రాన్ని బోర్లించి, మీద అరచెయ్యి పెట్టింది.

“ఇరవయ్యేళ్ళుగా ఈ కథ చెప్తున్నాను. ఇలా చదివిన పిల్లను చూడలేదు. నా చేత్తోనే సున్నా వేశాను. వేశాక రెండు రోజులు నాకూ నిద్ర లేదు. మార్కుల కోసం మిమ్మల్ని పిలవలేదు. ఈ పత్రాలు ఎల్లుండి తనిఖీకి పైకి వెళ్తాయి. ఎవరి చేతిలో పడతాయో నాకు తెలియదు. వాళ్ళూ పేపరు చదువుతారు.”

“మమ్మల్ని ఏం చేయమంటారు మాస్టారూ?”

“ఆ ఒక్క వాక్యం కొట్టేయమనండి. పత్రం మీరు తీసుకెళ్ళి రేపు తెచ్చివ్వండి. తన చేత్తో కొట్టి, పక్కన సంతకం చేస్తే చాలు. నాలుగు మార్కులు నేను వేస్తాను.”

“అది కొట్టేస్తే మిగతాది నిలబడుతుందా?”

ఆయన అబద్ధం చెప్పే మనిషిలా లేరు. “నిలబడదు” అన్నారు. “మిగతా జవాబంతా దాని మీదే ఉంది.”

*

జవాబుపత్రం పట్టుకుని ఇంటికి నడిచే వచ్చింది. బస్సెక్కితే రెండు స్టాపులు. డ్రైవరు భార్య అని ఇన్నాళ్ళూ ఎవరూ టికెట్టు అడగలేదు. ఇప్పుడు అడుగుతారో, అడక్కుండా పక్కకు చూస్తారో తెలుసుకోవాలని లేదు.

ఆమె వచ్చేసరికి డ్రైవరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తెల్లకాగితం మీద ‘వానకు’ అని రాసి కొట్టేసి ఉంది. కింద మళ్ళీ ‘వానకు’. మళ్ళీ కొట్టివేత. స్టీరింగు పద్దెనిమిదేళ్ళు తిప్పిన చేతికి కలం లొంగడం లేదు.

“పెన్ను బాలేదు” అన్నాడు ఆమెను చూసి.

“వేరేది ఇస్తానుండండి” అని, ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళింది. కుళాయి విప్పింది, మాటలు బయటికి పోకుండా.

“ఆ రోజు నువ్వు నాన్న బస్సులో ఉన్నావా?”

పిచ్చుక తల్లి చేతిలోని జవాబుపత్రం చూసింది. మొహం పాలిపోయింది.

“అడుగుతున్నాను. ఉన్నావా?”

“వానని బడి పెందరాళే వదిలేశారు.”

“ఎక్కడ కూర్చున్నావు?”

“నాన్న వెనక సీటు.”

తల్లి గిన్నెల గూటిని పట్టుకుంది. “మీ నాన్న… ఆమెను చూశాడా?”

కుళాయి పారుతోంది. పిచ్చుక చేత్తో ఆ నీళ్ళను అటూ ఇటూ చెదరగొట్టింది. “చూశాడు. బ్రేకు మీద కాలు కూడా వేశాడు. బస్సు కొంచెం తగ్గింది. అప్పటికే నీళ్ళు వంతెన మీదికి వచ్చాయి. అప్పుడు పైనుండే అద్దంలో నన్ను చూశాడమ్మా. నేను భయపడి ఏడుస్తున్నాను. నన్ను చూశాక ఆపలేదు.”

“తల్లీ…”

“నేను ఏడవకపోతే ఆపేవాడు.”

“పిచ్చిదానా! నలభై మంది ఉన్నారు బస్సులో. నీ ఒక్కదాని కోసమేనా?”

“మరి మన సందు మొదట్లో ఎందుకు ఆపాడు?” అంది పిచ్చుక. “అక్కడ స్టాపు లేదు కదా. అంత వానలో, నా ఒక్కదాని కోసం, కిరాణా కొట్టు చూరు పక్కనే ఆపి దించాడు. దిగుతుంటే మొహం చూడలేదు. ఇంటికెళ్ళు అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో ఒక్క మాట సరిగ్గా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎవరితో అనాలి అమ్మా ఈ మాట? పరీక్షలో ప్రశ్న అడిగారు. రాసేశాను.”

తల్లికి ఏం చెయ్యాలో తోచలేదు. పిల్లను కొట్టాలో, గుండెకు హత్తుకోవాలో తెలియలేదు. చేతిలో ఉన్న కాగితమే ముందుకు చాపింది.

“ఇది కొట్టెయ్యి.”

“ఏది?”

“ఈ ఒక్క వాక్యం. కొట్టేసి సంతకం పెట్టు. మాస్టారు మార్కులేస్తారు. నాన్న మూడింటికి ఆ రెండు ముక్కలూ రాసిచ్చి వచ్చేస్తారు. అంతా సద్దుమణుగుతుంది.”

“కొట్టెయ్యను.”

“నాన్న ఉద్యోగం పోతుందే!”

“నేను నాన్న గురించి రాయలేదు. పడవవాడి గురించి రాశాను.”

“ఎవరికి చెప్తావే ఆ కబుర్లు? నాకు అర్థమైంది కదా! అయిదోక్లాసుదాన్ని, నాకే అర్థమైతే, వాళ్ళకు అవ్వదా?”

పిచ్చుక తల్లి వైపు వింతగా చూసింది. “నీకు అర్థమైందా?” అంది. కళ్ళు నిండిపోయాయి. “మాస్టారికి కాలేదనుకున్నాను.”

“ఆయనకూ అయింది” అంది తల్లి, అనకూడని మాట అన్నట్టు.

కుళాయి ఆగింది. ఎవరో కట్టేశారు. ఇద్దరూ తిరిగి చూశారు. డ్రైవరు వంటగదిలోనే ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు.

“పెన్ను అడిగాను” అన్నాడు.

ఆయన చూపు జవాబుపత్రం మీద ఉంది. తల్లి దాన్ని వెనక్కి దాచబోయింది. ఆయన చెయ్యి చాపాడు. బతిమాలినట్టు, మెల్లగా. ఇవ్వకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

నిలబడే చదివాడు. ఒకసారి చదివాడు. మళ్ళీ మొదటికి వెళ్ళాడు. మనిషి ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఏముందిరా అందులో?” అని ముందుగదిలోంచి ముసలావిడ కేకేసింది.

“కథమ్మా” అన్నాడు.

“కథకేనా ఇంత రాద్ధాంతం! కథంటే కాకమ్మ కథే. దాని పొట్టలో ఇంకో కథేంటో, దానికి మార్కులేంటో, ఇళ్ళు కూల్చే చదువులు!”

డ్రైవరు కాగితం మడవలేదు, తిరిగివ్వలేదు. “ఒడ్డు మీది మనిషి ఏమైంది చివరికి?” అని కూతుర్ని అడిగాడు.

“కథలో చెప్పలేదు నాన్నా.”

“ఆ మనిషి వాళ్ళెవరూ రాలేదా, పడవవాడి దగ్గరికి?”

“రాలేదు.”

“అదృష్టవంతుడు” అన్నాడు.

ఇరవై రోజుల్లో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకున్న మాటలు అవే.

*

గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. ఎవరూ అన్నం ముట్టలేదు. డ్రైవరు బల్ల ముందు రెండో కుర్చీ లాగాడు.

“ఇలా రా. నా చెయ్యి ఆడటం లేదు. నేను చెప్తాను, నువ్వు రాయి.”

పిచ్చుక కూర్చుంది. కండక్టరు ఇచ్చిన కాగితం దగ్గరికి లాక్కుంది.

“అది కాదు” అన్నాడు డ్రైవరు. ఆ కాగితాన్ని తిరగేసి పక్కన పెట్టాడు. “రాయి. ఆ రోజు నేను ఆమెను చూశాను.”

“ఒరేయ్!” ముసలావిడ మంచం దిగేసింది. ఎన్నాళ్ళుగానో పట్టుకోకుండా నిలబడలేని మనిషి, దేన్నీ పట్టుకోకుండా వచ్చింది. “మతి ఉండే మాట్లాడుతున్నావా? చేతులారా మెడకు ఉరి బిగించుకుంటావా? ఆ కండక్టరేం కావాలి? నీ కోసం నోరు కట్టుకుని అబద్ధమాడాడే, అతని పెళ్ళాంబిడ్డలేం కావాలి? అమ్మాయ్, నువ్వు చెప్పవే వాడికి! నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడతావేం?”

తల్లి నోరు తెరిచింది. ‘రాయొద్దు’ అందామనుకుంది. అంటే ఈ పిల్ల బతికినన్నాళ్ళూ ఆ అద్దంలోనే ఉండిపోతుంది. ‘రాయి’ అందామనుకుంది. అంటే ఈ ఇల్లు, కండక్టరు ఇల్లు రెండూ వీధిన పడతాయి. పోనీ, బెంచీ పక్కన చెయ్యెత్తి నిలబడ్డ ఆ ఆడమనిషికి ఏమన్నా తిరిగొస్తుందా? అదీ తెలియదు.

పిచ్చుక కలం కదిలింది. ఒక వాక్యం. “రాశాను నాన్నా.”

“ఆపలేదు.”

“రాశాను.”

“ఆపాల్సింది. అదీ రాయి.”

రాసింది. డ్రైవరు తర్వాతి మాట కోసం గోడ మీద వెతికాడు.

“ఎందుకు ఆపలేదో రాయాలి కదా” అంది పిచ్చుక, తల ఎత్తకుండా.

“అక్కర్లేదు.”

“వాళ్ళు అడుగుతారు నాన్నా.”

“అడిగితే తెలియదంటాను.”

“నేను బస్సులో ఉన్నానని రాయనా?”

“వద్దు” అన్నాడు. అంత గట్టిగా అంటాడని ఆయనే అనుకోలేదేమో, వెంటనే గొంతు తగ్గించాడు. “వద్దమ్మా. నువ్వు అందులో లేవు.”

“నేను లేకపోతే దానికి అర్థం ఉండదు. ఊరికే చూసి, ఊరికే వెళ్ళిపోయినవాడిలా ఉంటుంది. చెడ్డవాడిలా ఉంటుంది.”

“ఉండనీ.”

“నువ్వు చెడ్డవాడివి కాదు కదా నాన్నా!”

“ఆమెకు నేనేంటి?” అన్నాడు డ్రైవరు. “నా కూతురు ఉందని రాస్తే ఆమె మొగుడు లేచి వస్తాడా? నీకు బిడ్డ ఉంది, నాకు ఆయన ఉన్నాడు కదా అని అడగదూ? జరిగింది రాయి. అర్థం వాళ్ళు చూసుకుంటారు.”

“వాళ్ళు తప్పు అర్థం చూస్తారు” అంది పిచ్చుక. “నాకు తెలుసు. సున్నా వేస్తారు.”

ఆ మాటకు ముసలావిడ ఏడవటం మొదలుపెట్టింది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకే తెలిసినట్టు లేదు. కోడలి భుజం పట్టుకుని, “ఏం జరుగుతోందే ఈ ఇంట్లో? ఎవరు ఎక్కడున్నారంటున్నారే?” అని అడిగింది. కోడలు ఆవిడను మంచం దాకా నడిపించి కూర్చోబెట్టింది. చేయగలిగింది అదొక్కటే కనిపించింది ఆమెకు.

తిరిగొచ్చేసరికి పిచ్చుక ఇంకా రాస్తోంది. డ్రైవరు ఏమీ చెప్పడం లేదు. అయినా కలం ఆగలేదు. ఎడమచెయ్యి గోడలా అడ్డం పెట్టుకుని, పరీక్షలో పక్కవాళ్ళు చూడకుండా రాసినట్టు, మూడు నాలుగు వరుసలు రాసింది. చుక్క పెట్టింది. కాగితాన్ని అడ్డంగా మడిచి, సంతకం పెట్టే చోటు మాత్రమే కనబడేలా తండ్రి ముందుకు జరిపింది.

తాను చెప్పినదానికంటే ఎక్కువ రాసిందని డ్రైవరుకు తెలుసు. తెలిసిందని కూతురికీ తెలుసు. తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

ఆయన సంతకం పెట్టాడు. వంకరగా.

“చదవవా నాన్నా?”

“చదివితే పెట్టలేను” అన్నాడు.

చొక్కా తొడుక్కున్నాడు. కాగితం జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ముసలావిడకేసి, భార్యకేసి చూసి, “వస్తాను” అని వెళ్ళిపోయాడు. కూతురి వైపు చూడలేదు.

తల్లి బల్ల దగ్గరికి వచ్చింది. “ఏం రాశావే?”

“జరిగిందే రాశానమ్మా.”

“అందులో నువ్వున్నావా?”

పిచ్చుక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తల్లీ వెళ్ళింది. కింద సందులో డ్రైవరు నడుస్తున్నాడు, భుజాలు ముందుకు వంచుకుని. కిరాణా కొట్టు దాటాడు. సందు మలుపు దగ్గర, పెద్ద వీధి మొదలయ్యే చోట ఆగాడు. జేబులోంచి కాగితం తీశాడు.

“వద్దు నాన్నా” అంది పిచ్చుక, ఆయనకు వినిపించనంత మెల్లగా.

ఆయన మడత విప్పాడు. అటూ ఇటూ మనుషులు తప్పుకుని పోతున్నారు. డిపోవైపు వెళ్ళే బస్సు వచ్చి, పక్కనే ఆగి, తలుపు తెరుచుకుని కాసేపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. తలుపు మూసుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

రెండున్నరైంది. ఆయన ముందుకు వెళ్ళలేదు. వెనక్కి తిరగలేదు. విప్పిన కాగితం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.